మూడు కార్నియాలూ తెల్లబడ్డాయి, ఇక కేప్రోయేనా? ముందు ఏం చూడాలి, వేశాక ఏం కాపాడుకోవాలి

కోనసీమ_విజన్‌సెంటర్ అడిగారు:

నమస్కారమండీ. మా విజన్ సెంటర్‌కి వచ్చే ఒక పేషెంట్ గురించి సలహా కావాలి. వివరాలు వరసగా రాస్తున్నాను.

56 ఏళ్ల రైతు. కుడి కంటికి వరికోతల్లో ఆకు గీసుకుని ఫంగస్ పుండు పడింది. పుండు ఆపడానికి ఒకసారి, చూపు కోసం రెండుసార్లు, మొత్తం మూడుసార్లు కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మార్చారు. మూడూ తెల్లబడ్డాయి. ఇప్పుడు నల్లగుడ్డంతా తెల్లటి పొర, నాలుగు వైపుల నుంచీ రక్తనాళాలు లోపలికి పాకాయి. శుక్లం ఎప్పుడో తీసి లెన్స్ పెట్టారు. వెలుతురు తెలుస్తోంది. టార్చ్ ఏ వైపు నుంచి వేశామో పైన, కింద, చెవి వైపు సరిగ్గా చెబుతున్నాడు. ముక్కు వైపు మాత్రం ఒకసారి చెబుతాడు, ఒకసారి తడబడతాడు. షర్మర్ (కన్నీటి తడి కొలిచే కాగితం పరీక్ష) 5 నిమిషాల్లో 13 మి.మీ. రెప్పలు పూర్తిగా మూసుకుంటున్నాయి. ఎడమ కన్ను కుంచించుకుపోయింది, వెలుతురు కూడా లేదు. చాలాకాలం స్టిరాయిడ్ చుక్కలు, మధ్యలో టిమొలాల్ (కంటి ప్రెషర్ తగ్గించే చుక్కలు) వాడిన చీటీలున్నాయి.

పెద్దాసుపత్రిలో కేప్రో (కెరటోప్రోస్థెసిస్, అంటే కృత్రిమ కార్నియా) మాట ఎత్తారట. నా ప్రశ్నలు:

ముక్కు వైపు అనుమానంగా ఉంటే ఆపరేషన్‌కి పనికిరాడా? అసలు లోపల పెట్టేది ఏమిటి, దాంట్లో ఏమేం ఉంటాయి? వేశాక మా దగ్గర మేం ఏం చూడాలి, ఎంత తరచుగా? ఆసుపత్రికి రానూపోనూ నాలుగు గంటల బస్సు ప్రయాణం, చూపించుకోవాల్సింది ఎక్కువగా మా దగ్గరే.

ఇంకొకటి. ఇంట్లోవాళ్లు ఏదో వీడియో చూసి, దాత కన్ను అక్కర్లేని కార్నియా వచ్చేసిందట కదా, అదే పెట్టించండి అంటున్నారు.

---

స్లిట్‌ల్యాంప్ రాశారు:

ముందు ఆ ముక్కు వైపు సంగతి తేల్చుకోండి. మిగతా ప్రశ్నలన్నీ దాని వెనకే.

తెల్లబడ్డ కార్నియా గరుకు గాజులాంటిది. ఒక మూల టార్చ్ వేస్తే వెలుగు గుడ్డంతా చెదిరిపోతుంది. బాగా కాంతి ఉన్న టార్చ్ అయితే చూపు లేని వైపు వేసినా మిగతా రెటీనాకి తగిలి, పేషెంట్ 'కనబడుతోంది' అనేస్తాడు. కాబట్టి గది చీకటి చేసి, ఎడమ కన్ను అరచేత్తో గట్టిగా మూయించి, కాంతి తగ్గించి వేయండి. ఒక్కో వైపు అయిదేసి సార్లు, వరస తప్పించి. మధ్యమధ్యలో టార్చ్ ఆర్పేసి 'ఇప్పుడు ఎటు?' అని అడగండి. ఆర్పినప్పుడు కూడా ఏదో ఒక వైపు చెప్పేస్తుంటే ఊహిస్తున్నాడన్నమాట, ఆ లెక్క కొట్టేయాలి. ఎర్ర, పచ్చ అద్దాలు అడ్డం పెట్టి రంగు గుర్తుపడుతున్నాడో లేదో కూడా రాసుకోండి. గుర్తుపడితే రెటీనా నడిమి భాగం పనిచేస్తోందని కొంత ధైర్యం.

సరిగ్గా చేసినా ముక్కు వైపే పోతుంటే మొదట అనుమానించాల్సింది గ్లాకోమాని, అంటే కంటి ప్రెషర్ పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బుని. దాంట్లో చూపు సాధారణంగా ముక్కు వైపు నుంచే కోసుకుపోతుంది, చివరిదాకా మిగిలేది చెవి వైపు ముక్క. మూడు గ్రాఫ్టులు (మార్చిన దాత కార్నియాలు), ఏళ్ల తరబడి స్టిరాయిడ్, టిమొలాల్ చీటీలు అన్నీ అటే వేలు చూపిస్తున్నాయి.

పనికిరాడా అంటే, అంత మాట అనలేం. వెలుతురే లేని కంటికి వేయకూడదు. ఒక వైపు తడబాటు ఉన్నంత మాత్రాన తలుపు మూసుకోదు. కాకపోతే వేశాక ఎంత చూపు వస్తుందని చెప్పాలో అక్కడ మారిపోతుంది. కార్నియా ఎంత తళతళలాడేలా చేసినా నరం ఇచ్చేంతే చూపు. బీ-స్కాన్‌లో (కంటి అల్ట్రాసౌండ్) రెటీనా అతుక్కునే ఉందా, నరం గుంట లోతుగా ఉందా చూస్తారు. ఏ-స్కాన్‌తో గుడ్డు పొడవు కొలుస్తారు. అవసరమైతే ఫ్లాష్ వీఈపీ, అంటే వెలుగు మెరిపించి మెదడు దాకా సంకేతం వెళుతోందా చూసే పరీక్ష.

మీరు రాసిన వాటిలో నాకు నచ్చినవి రెండు: షర్మర్ 13, రెప్పలు మూసుకోవడం. తడి ఉన్న కన్ను, కదిలే రెప్ప ఉంటేనే ఈ రకం కేప్రో బతుకుతుంది. పొక్కిపోయిన పొడి కన్ను అయితే ఈ చర్చే వేరుగా ఉండేది.

నాలుగో గ్రాఫ్టు ఎందుకు వద్దంటే, ఒకసారి తిరస్కరించిన కంటిలో ప్రతి కొత్త గ్రాఫ్టూ ముందుదాని కన్నా తక్కువ కాలం నిలుస్తుంది. నాలుగు వైపులా రక్తనాళాలు ఉన్న కంటిలో ఇంకా తక్కువ. అలాగని కేప్రో మొదటి మందు కాదు. రెండో కన్ను బాగున్నవాడికి సాధారణంగా దీని జోలికి పోరు. సున్నం పడి ఒక్క కన్నే పాడైతే బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి వేసే స్లెట్ ఉంది. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్‌లో సంగ్వాన్ బృందం 2012లో ప్రకటించిన పద్ధతి. అలాంటి కంటికి ముందు అదీ, తర్వాత కావాలంటే మామూలు గ్రాఫ్టూ. మీ పేషెంట్‌కి ఆ దారి లేదు, రెండో కన్ను పోయింది కాబట్టి.

ఇది ఉన్న ఒక్క కన్ను కూడా. తేడా వస్తే ఆ మిగిలిన వెలుతురూ పోతుంది. ఈ మాట ఇంట్లోవాళ్ల ముందే చెప్పాలి.

---

ఓటీ_ట్రే రాశారు:

రెండో ప్రశ్నకి నేను చెబుతాను.

మన దగ్గర ఎక్కువగా వేసేది బోస్టన్ టైప్ 1, లేదా అదే నమూనాలో మదురై అరోలాబ్ చేసే ఆరోకేప్రో. బోస్టన్‌ది మసాచుసెట్స్ ఐ అండ్ ఇయర్‌లో క్లేస్ డోల్మన్ ఏళ్ల తరబడి చెక్కుకుంటూ వచ్చిన పరికరం. అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి 1992లో వచ్చింది.

చొక్కా కాలర్ గుండీని ఊహించుకోండి. ముందు ఒక చిన్న పళ్లెం, వెనక ఒక పెద్ద పళ్లెం, మధ్యలో కాడ. ముందు పళ్లెం, కాడ కలిపి ఒకే ముక్క, పీఎంఎంఏ అనే గట్టి పారదర్శక ప్లాస్టిక్. పాత శుక్లం లెన్సులు చేసిందీ దాంతోనే. ముందు పళ్లెం అడ్డం 5 మి.మీ. పైచిలుకు, కాడ 3 మి.మీ. పైచిలుకు. చూపు వెళ్లేది ఆ కాడలోంచే. వెనక పళ్లెం పెద్దవాళ్లకి 8.5 మి.మీ., పీఎంఎంఏ గానీ టైటానియం గానీ. పీఎంఎంఏ దానికి చుట్టూ 16 రంధ్రాలుంటాయి. చివరగా సీ ఆకారంలో ఒక టైటానియం రింగు, వెనక పళ్లెం జారకుండా తాళంలా పట్టుకోవడానికి. కొత్త టైటానియం పళ్లేల్లో కొన్ని నేరుగా నొక్కితే పట్టేస్తాయి, వాటికి ఈ రింగు ఉండదు.

ఈ రెండు పళ్లేల మధ్యన దాత కార్నియా శాండ్‌విచ్‌లా ఉంటుంది. అంటే దాత కన్ను ఇక్కడా కావాలి. ఇంట్లోవాళ్లకి ముందు ఈ ముక్క అర్థమయ్యేలా చెప్పండి. అయితే ఆ కార్నియా చూపు కోసం కాదు, గుండీని గుడ్డుకి కుట్టడానికి గుడ్డపీలిక లాంటిది. కాబట్టి లోపలి కణాల లెక్క తక్కువగా ఉండి మామూలు గ్రాఫ్టుకి పనికిరాదని పక్కన పెట్టిన కార్నియా కూడా పనికొస్తుంది. చీము, ఇన్ఫెక్షన్ లేకపోతే చాలు.

వెనక పళ్లెంలో రంధ్రాలు ఎందుకంటే, కార్నియాకి తిండి లోపలి నీటి నుంచి అందాలి. తొలినాళ్లలో రంధ్రాల్లేని పళ్లేలు పెడితే మధ్యలో ఉన్న కార్నియా ఎండి కరిగిపోయేది. రంధ్రాలు పెట్టాక ఆ బాధ బాగా తగ్గింది.

బల్ల మీద పని ఇలా సాగుతుంది. దాత కార్నియాని 8.5 లేదా 9 మి.మీ. బిళ్లగా కోస్తారు. దాని నట్టనడుమ 3 మి.మీ. పంచ్‌తో రంధ్రం. ఇక్కడ అరమిల్లీ పక్కకి పోయినా ఒక అంచు సన్నబడుతుంది, కుట్టేటప్పుడు చిరిగేదీ, తర్వాత కరిగేదీ ఆ అంచే. ముందు పళ్లేన్ని బోర్లా పెట్టి, కదలకుండా పెట్టెతో వచ్చిన జిగురు పట్టీ మీద అంటిస్తారు. కాడ పైకి చూస్తూ ఉంటుంది. కార్నియా బిళ్లని లోపలి వైపు పైకి ఉండేలా కాడకి గుచ్చి మెల్లగా కిందికి దింపుతారు. లోపలి పొర మీద జెల్ చుక్క. దానిపైన వెనక పళ్లెం. ఆపైన టైటానియం రింగుని పెట్టెలో వచ్చే బోలు గొట్టం లాంటి పనిముట్టుతో నిటారుగా నొక్కితే 'టిక్' మని వినిపిస్తుంది. వినిపించింది కదా అని వదలకూడదు. మైక్రోస్కోప్ కింద తిప్పి చూసి, రింగు చుట్టూతా గాడిలో కూర్చుందని రూఢి చేసుకోవాలి. ఒక కొన ఎత్తుగా ఉంటే మళ్లీ నొక్కాలి. కంట్లో కుట్టేశాక అది ఊడితే మళ్లీ మొదటికొస్తుంది.

ఇదంతా సిద్ధమయ్యాకే పేషెంట్ కార్నియాని కోస్తారు. గుడ్డు తెరిచి పెట్టి గుండీ బిగించుకుంటూ కూర్చోకూడదు. పేషెంట్ వైపు కోత దాత బిళ్ల కన్నా అరమిల్లీ చిన్నది. లోపల లెన్స్ సరిగ్గా కూర్చుని ఉంటే అలాగే ఉంచి సూడోఫేకిక్ (లోపల లెన్స్ ఉన్న కంటికి సరిపోయే) కేప్రో వేస్తారు. లెన్స్ వంకరగా ఉన్నా, తీసేయాల్సి వచ్చినా గుడ్డు పొడవుకి తగ్గ పవరున్న ఏఫేకిక్ (లెన్స్ లేని కంటికి చేసిన) రకం. అందుకే ఏ-స్కాన్ తప్పకూడదు, రెండు రకాలూ చేతిలో ఉంచుకునే బల్ల ఎక్కాలి. కుట్లు 9-0 లేదా 10-0 నైలాన్‌తో, ఇంచుమించు 16, ముడులు లోపలికి తిప్పి. గుండీ కుట్టేశాక మైక్రోస్కోప్ వెలుగు నేరుగా రెటీనా మీద పడుతుంది కాబట్టి మధ్యలో ఏదైనా అడ్డం పెట్టడం మరిచిపోకూడదు. చివరగా పెద్ద కాంటాక్ట్ లెన్స్.

---

కోనసీమ_విజన్‌సెంటర్ రాశారు:

చాలా సంతోషమండీ. ఒక సందేహం. ముందు గట్టి ప్లాస్టిక్ ఉంటే ప్రెషర్ ఎలా చూడాలి? మా దగ్గర గాలి ఊదే మెషీన్ ఉంది.

---

అగ్రనాడి రాశారు:

గాలి మెషీన్ పక్కన పెట్టేయండి. అది ప్లాస్టిక్‌ని నొక్కి ఏదో అంకె ఇస్తుంది, ఆ అంకెకి అర్థం లేదు. కార్నియాని తాకి కొలిచే గోల్డ్‌మన్ పరికరందీ అంతే. అంకె వచ్చింది కదా అని రికార్డులో రాస్తే ఇంకా ప్రమాదం, తర్వాత చూసినవాళ్లు 14 ఉంది బానే ఉందనుకుంటారు.

వేళ్లే దిక్కు. పేషెంట్‌ని కళ్లు తెరిచే కిందికి చూడమనండి, గట్టిగా మూయనివ్వొద్దు. రెండు చూపుడువేళ్లూ పై రెప్ప మీద పక్కపక్కన పెట్టి, నల్లగుడ్డుకి పైన ఉన్న తెల్లగుడ్డు మీద ఒక వేలితో సుతారంగా నొక్కుతూ రెండో వేలికి ఆ కదలిక ఎలా అందుతోందో చూడండి. ప్లాస్టిక్ పళ్లెం మీద వేలు పడకూడదు. చెయ్యి అలవాటు పడటానికి పాత లెక్క ఒకటుంది: పెదవిలా మెత్తగా ఉంటే తక్కువ, ముక్కు కొనలా ఉంటే మామూలు, నుదురులా ఉంటే ఎక్కువ. రికార్డులో అంకె రాయకండి, 'మెత్త, మామూలు, గట్టి' అని రాయండి. వీలైతే ప్రతిసారీ ఒకే మనిషి చూడాలి. ఇది మోటు కొలతే, కాస్త పెరిగితే వేలికి అందదు. అందుకే మీ అసలు కొలమానం వేలు కాదు, నరం.

నరం చూడటానికి మాత్రం కేప్రో మంచి కిటికీ. కంటిపాప అడ్డం రాదు కాబట్టి చుక్కలేసి పెద్దది చేయక్కర్లేదు, కాడలోంచి ఫోటో తీయొచ్చు. ఆపరేషన్ అయిన కొద్ది వారాల్లో తీసిన మొదటి ఫోటో, మొదటి ఫీల్డ్ (చూపు వెడల్పు పరీక్ష) బంగారంలా దాచుకోండి. తర్వాతవన్నీ దాంతోనే పోల్చాలి. ఓసీటీ (నరం పొరల మందం చూపే స్కాన్) కూడా తీయొచ్చు.

కేప్రో వేసిన కంటిలో చూపు శాశ్వతంగా పోవడానికి గ్లాకోమా పెద్ద కారణం. చాలామందికి అది ఆపరేషన్‌కి ముందే ఉంటుంది. తెల్లటి కార్నియా వెనక దాగి ఉండి, ఇప్పుడే కనబడుతుందంతే. ఉన్నది ముదరడానికీ దారులున్నాయి: ఐరిస్ ముందుకి అతుక్కుని నీరు పోయే కోణం మూసుకుపోవడం, వాపు, స్టిరాయిడ్. మీ పేషెంట్‌కి ముక్కు వైపు నిజంగానే పోయి ఉంటే, కేప్రోతో పాటే గానీ ముందే గానీ అహ్మద్ వాల్వ్ లేదా అరోలాబ్ ఆడీ లాంటి, లోపలి నీరు బయటికి పోయే గొట్టం పెట్టాలా అని ఆసుపత్రివాళ్లు తప్పక ఆలోచిస్తారు. పెడితే మీరు చూడాల్సిందింకొకటి: పెద్ద కాంటాక్ట్ లెన్స్ అంచు ఆ గొట్టం మీది పొరని రాసి రాసి చిరిగేలా చేస్తుంది. గొట్టం తెల్లగా బయటికి కనిపిస్తే ఆ రోజే పంపండి, సూక్ష్మజీవులకి అది నేరుగా లోపలికి దారి.

ప్రెషర్ చుక్కలు ఆపరేషన్ అయిందని ఆపకూడదు. ప్రెషర్ తగ్గించే అసిటజొలమైడ్ మాత్ర వేస్తుంటే సల్ఫా పడుతుందో లేదో, కిడ్నీ ఎలా ఉందో అడగండి.

---

లెన్స్‌బల్ల రాశారు:

మూడో ప్రశ్న నాది. విజన్ సెంటర్‌లో చేయగలిగినంత రాస్తాను.

ఆ పెద్ద కాంటాక్ట్ లెన్స్ పవర్ కోసం కాదు. మెత్తటిది, 16 మి.మీ. అడ్డం. ముందు పళ్లెం అంచు దగ్గర కార్నియా ఎండి గుంట పడకుండా తడిని పట్టి ఉంచుతుంది. అది రాత్రీపగలూ ఉండాల్సిందే. ఊడిపోయి రెండు రోజులైందని తాపీగా చెప్పే పేషెంట్లుంటారు. ఆ రెండు రోజులే ముప్పు. ఇంటికి పంపేటప్పుడే ఒక స్పేర్ లెన్స్ మీ దగ్గర పెట్టించుకోండి. రెండు మూడు నెలలకోసారి మార్చాలి, తెల్లటి చుక్కలు పేరుకుంటే ఇంకా ముందే. లెన్స్ మాటిమాటికీ ఊడుతుంటే రెప్ప వదులుగా ఉందా, తెల్లగుడ్డు మీద ఎత్తుపల్లాలున్నాయా అని చూసి కొలత మార్పించాలి.

చుక్కలు బతికినన్నాళ్లూ. మామూలుగా మాక్సిఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఒకటి, దాంతో పాటు వాంకోమైసిన్ 14 మి.గ్రా./మి.లీ., ఇది ఆసుపత్రి ఫార్మసీలో కలిపిస్తారు. మొదట్లో రోజుకి నాలుగైదుసార్లు, తర్వాత డాక్టరు చెప్పినట్టు తగ్గుతుంది గానీ సున్నా కాదు. వాంకోమైసిన్ ఫ్రిజ్ తలుపులో పెట్టాలి, ఫ్రీజర్‌లో కాదు. గడువు లేబుల్ మీద ఎంత రాస్తే అంతే, సీసాలో మిగిలింది కదా అని లాగకూడదు. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే పక్కింటి ఫ్రిజ్ అయినా ముందే మాట్లాడి పెట్టమనండి. ఈ ప్రశ్న ఆపరేషన్‌కి ముందు అడగాలి, తర్వాత కాదు.

యాంటీబయాటిక్ ఎప్పుడూ పడుతూ, పైన లెన్స్ ఎప్పుడూ ఉంటే బ్యాక్టీరియా తగ్గి ఫంగస్‌కి చోటు దొరుకుతుంది. మన తేమకి అది మరీ. మీ పేషెంట్ కథ మొదలైందే ఫంగస్‌తో. అందుకే వచ్చిన ప్రతిసారీ లెన్స్ కింద, పళ్లెం అంచు చుట్టూ తెల్లటి మచ్చ ఉందేమో చూడాలి. లెన్స్ మార్చేటప్పుడు 5 శాతం పోవిడోన్ అయోడిన్‌తో కడిగే పద్ధతి చాలాచోట్ల ఉంది. మీ ఆసుపత్రి రాసిస్తేనే చేయండి. గాయాలకి వాడే సీసా మాత్రం కంట్లోకి పనికిరాదు.

స్లిట్ ల్యాంప్ దగ్గర నా వరస ఇది. ముందు లెన్స్ మీద నుంచే చూస్తాను. తర్వాత లెన్స్ తీసి ముందు పళ్లెం అంచు చుట్టూ ఫ్లోరెసీన్ రంగు వేసి చూస్తాను. పళ్లెం అంచు కింద సన్నటి ఖాళీ కనిపించినా, కార్నియా ఒకచోట పల్చబడినా అది కరగడం మొదలైందన్నట్టే. పచ్చరంగు మధ్యలో నల్లటి వాగులా నీరు జారుతుంటే లోపలి నుంచి కారుతోంది, నొక్కి చూడకుండా షీల్డ్ పెట్టి బండెక్కించాలి. ఆ తర్వాత కాడలోంచి వెనక్కి చూడండి. కాడ వెనక బూడిదరంగు పొర పడుతుంటుంది. అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది ఇదే. చూపు మెల్లమెల్లగా మసకబారుతుంది, నొప్పి ఉండదు. పల్చగా ఉండగా యాగ్ లేజర్‌తో తెరవొచ్చు, అదీ తక్కువ శక్తితో, గురి పొర వెనకే ఉండేలా. గురి ముందుకొస్తే ప్లాస్టిక్‌లో గుంటలు పడతాయి, అవి మళ్లీ పోవు. ముదిరి రక్తనాళాలు వచ్చేస్తే కత్తి పట్టాల్సిందే. ఆ పొర వెనక పళ్లెం రంధ్రాల్ని కప్పేస్తే కార్నియాకి తిండి ఆగి, ముందు వైపు కరగడం మొదలవుతుంది. కాబట్టి పొరని చూపు సమస్యగా మాత్రమే చూడొద్దు.

వెంటనే పంపాల్సినవి: ఎరుపు, నొప్పి, చూపు తగ్గడం. నొప్పి లేకుండా రాత్రికి రాత్రే చూపు పడిపోతే అది ఇన్ఫెక్షన్ లేని వాపు కూడా కావచ్చు, స్టిరాయిడ్‌తో తగ్గేది. కానీ ఆ తేడా విజన్ సెంటర్‌లో తేల్చకూడదు. ఇన్ఫెక్షన్ అనుకునే పంపాలి. కళ్ల ముందు తెర దిగినట్టుందంటే రెటీనా.

మొదటి నెల వారం వారం, ఆరు నెలల దాకా నెలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి అనుకోండి. పొలం పని గురించి ఖచ్చితంగా అడుగుతాడు. చెరువులో, కాలవలో తల ముంచే స్నానం లేదు. నూర్పిళ్ల దగ్గరికి, ఊక ఎగిరే చోటికి పక్కలు మూసిన కళ్లజోడు లేకుండా వెళ్లకూడదు. రాత్రి షీల్డ్. కన్ను నులమడం అసలే లేదు.

---

మేనల్లుడు_నెల్లూరు రాశారు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా అత్తకి మూర్ఛ మాత్రలు పడక ఒళ్లంతా పొక్కి రెండు కళ్లూ తెల్లబడ్డాయి, స్టీవెన్స్ జాన్సన్ అన్నారు. కంట్లో తడే లేదు. ఆమెకీ ఈ గుండీ వేయొచ్చా?

---

స్లిట్‌ల్యాంప్ రాశారు:

వేసినా నిలవడం కష్టం బాబూ. టైప్ 1 అందరికన్నా బాగా పనిచేసేది కంటి పొరలకి మచ్చకట్టే జబ్బు లేకుండా గ్రాఫ్టు చెడిపోయినవాళ్లకి, అందరికన్నా తక్కువగా నిలిచేది స్టీవెన్స్ జాన్సన్ కళ్లలో. తడి లేని కంట్లో ప్లాస్టిక్ చుట్టూ కార్నియా కరిగిపోతుంది.

అలాంటి కళ్లకి పన్నుతో చేసే ఎమ్‌ఓఓకేపీ ఉంది. రోమ్‌లో స్ట్రాంపెల్లి 1963లో మొదలుపెట్టాడు, తర్వాత ఫాల్చినెల్లి మెరుగులు దిద్దాడు. మన వైపు చెన్నై శంకర నేత్రాలయలో చేస్తారు. కోరపన్నుని వేరు, చుట్టూ ఉన్న ఎముకతో సహా తీసి, పలకలా అరగదీసి, మధ్యలో రంధ్రం చేసి ప్లాస్టిక్ గొట్టం బిగిస్తారు. దాన్ని చర్మం కింద సంచిలో రెండు నుంచి నాలుగు నెలలు దాచిపెడతారు, చుట్టూ కండ, రక్తనాళాలు అల్లుకోవడానికి. బుగ్గ లోపలి పొర తీసి కంటి మీద కప్పుతారు. రెండో విడతలో ఆ పన్ను పలకని తెచ్చి కంట్లో పెడతారు. సొంత ఎముక కాబట్టి శరీరం పట్టి ఉంచుకుంటుంది. కన్ను గులాబీరంగులో, మధ్యలో నల్లచుక్కతో ఉంటుంది. ఆ రూపం ముందే ఫోటోలో చూపించాలి. చూపు వెడల్పు ఇరుకు. పన్ను ఎముక లోలోపల అరిగిపోతోందేమోనని ఏళ్ల తరబడి స్కాన్ తీస్తూ ఉండాలి. ఎల్వీ ప్రసాద్‌లో పొడి కళ్ల కోసం పన్ను లేకుండా ఎల్‌వీపీ కేప్రో అని సొంత నమూనా ఉంది. రెండు చోట్లా చూపించుకుని నిర్ణయించుకోండి. ఈలోగా పళ్లు పీకించుకోనివ్వకండి, చిగుళ్లు శుభ్రంగా ఉంచమనండి. పొగాకు, జర్దా నమిలే అలవాటుంటే మానిపించండి, బుగ్గ పొర పాడైతే కప్పడానికి ఏమీ మిగలదు.

కొత్త టాపిక్ పెట్టి వివరాలు రాయండి, అక్కడ మాట్లాడుకుందాం.

---

ఓటీ_ట్రే రాశారు:

ఆ వీడియో సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏ వీడియోనో తెలీదు గానీ ఇలాంటి వార్తలు నాలుగైదు రకాలు కలగాపులగంగా తిరుగుతుంటాయి.

2021 జనవరిలో ఇజ్రాయెల్ రాబిన్ ఆసుపత్రిలో కార్‌నీట్ అనేది మొదటిసారి మనిషికి వేశారు. దాత కార్నియా లేకుండా, కృత్రిమ నార అంచుని తెల్లగుడ్డు పొర కింద కుడతారు. దాత అక్కర్లేదన్న మాట దానికి వర్తిస్తుంది. ఎండోఆర్ట్ అనేది కార్నియా వెనక అంటించే 50 మైక్రాన్ల పల్చటి ప్లాస్టిక్ పొర, నీరు పట్టి ఉబ్బిన కార్నియాకి. మచ్చకట్టి రక్తనాళాలు పాకిన కంటికి అది చేసేదేం లేదు. 2022లో పంది చర్మపు కొల్లాజెన్‌తో చేసిన పొరని ఢిల్లీ ఎయిమ్స్‌లో, ఇరాన్‌లో కలిపి 20 మందికి పెట్టారు. వాళ్లంతా కెరటోకోనస్ వాళ్లు, అంటే కార్నియా పల్చబడి ముందుకు పొడుచుకొచ్చినవాళ్లు. అదే ఏడాది హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్, ఐఐటీ, సీసీఎంబీ కలిసి త్రీడీ ప్రింట్ కార్నియా చేశారు, పెట్టింది కుందేలుకి.

ఎవరి జబ్బు వాళ్లది. ఈ రైతు కంటికి ఇవాళ బల్ల మీదికి తేగలిగింది దాత కార్నియాతో వేసే గుండీయే. పంది మాట విని ఇంట్లో ఎవరైనా వెనకాడితే, కేప్రోలో ఉండేది మనిషి కార్నియా, ప్లాస్టిక్, టైటానియం మాత్రమేనని చెప్పండి. ఎమ్మారై తీయాల్సొస్తే టైటానియం అయస్కాంతానికి అంటదు, అయినా కంట్లో ఇంప్లాంట్ ఉందని టెక్నీషియన్‌కి ముందే చెప్పి, డిశ్చార్జి కాగితం చూపించాలి.

---

కోనసీమ_విజన్‌సెంటర్ రాశారు:

స్లిట్‌ల్యాంప్ గారు చెప్పినట్టు చీకటి గదిలో కాంతి తగ్గించి మళ్లీ చేశాం. పైన, కింద, చెవి వైపు అయిదుకి అయిదు. ముక్కు వైపు అయిదులో ఒక్కటే. టార్చ్ ఆర్పినప్పుడు 'ఏం లేదు' అనే చెప్పాడు. ఎర్ర, పచ్చ గుర్తుపట్టాడు. వేలికి గుడ్డు గట్టిగానే అనిపించింది. ఇంట్లో ఫ్రిజ్ ఉంది, కోడలు చుక్కలు వేస్తానంది. రిఫరల్ చీటీలో ఏమేం రాయమంటారు?

---

అగ్రనాడి రాశారు:

ముక్కు వైపు పోయినట్టే. వేలికి గట్టిగా ఉందంటే ఈ చీటీ కార్నియా డాక్టరు దగ్గర ఆగిపోకూడదు. పైన 'కార్నియా, గ్లాకోమా ఇద్దరూ చూడాలి' అని రాయండి. దాని కింద 'ఎడమ కన్ను వెలుతురు లేదు, ఇది ఒక్కటే కన్ను' అని ఎర్ర ఇంకుతో. ఏ వైపు ఎన్నిసార్లు చెప్పాడో ఆ అంకెలు అలాగే వేయండి, 'సరిగ్గా లేదు' అని ఒక్క ముక్కలో తేల్చొద్దు. షర్మర్, రెప్పలు, రంగులు, స్టిరాయిడ్ ఏయే చుక్క ఎన్నాళ్లు వాడాడో. పాత ఆపరేషన్ కాగితాల్లో లోపల పెట్టిన లెన్స్ స్టిక్కర్ ఉంటుంది, దాన్ని జిరాక్స్ తీసి జతచేయండి. చుక్కలు వేసేది కోడలని కూడా రాసి, మొదటిసారికే ఆమెను వెంట పంపండి. ఇవాళ వేలికి గట్టిగా ఉంది కాబట్టి వచ్చే వారం దాకా ఆగొద్దు, రేపటి బస్సుకే ఎక్కించండి.